దీనమ్మ చేతి జామ్

మొన్న పొద్దున వెలగపండు ఒకటి బండ మీద కొట్టగానే ఆ వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. పుల్లగా, తియ్యగా, కొంచెం పులిసినట్టు ఉంటుంది. నచ్చనివాళ్లు ముక్కు మూసుకుంటారు. పక్కన పొయ్యిలో బొగ్గు ఇంకా సరిగ్గా రాజుకోలేదు. పచ్చి బొగ్గు పొగా, వెలగపండు వాసనా కలిసేసరికి గిన్నె ఎత్తబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "ఆగవే, పొగ పోనియ్" అన్నట్టయింది. ఆ మాట అన్న మనిషి మట్టిలో కలిసి ఏళ్లవుతోంది. అయినా ఆగాను. పొగ పోయి బొగ్గు ఎర్రబడేదాకా గిన్నె పెట్టలేదు. ఆమె మీద నాకున్న కోపం ఇలాంటిది. ఆమెను తిట్టుకుంటూనే ఆమె చెప్పినట్టు చేస్తాను.

ఆమె పేరు దీనమ్మ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. గోదావరిఖని దగ్గర, గని కార్మికుల కోసం కట్టిన క్వార్టర్ల వరసలో మా గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. ఆమె భర్త గని ఆఫీసులో క్లర్కు, మేమంతా క్లర్కు సారు అనేవాళ్లం. వాళ్లు క్రైస్తవులు, ఆయన తండ్రి కాలం నుంచీ గనుల మీదే బతుకు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది దీనమ్మ. పొట్టి మనిషి, బొద్దుగా ఉండేది, కొంగు నడుముకు దోపితే ఇక సాయంత్రం దాకా తీసేది కాదు. నోరు మాత్రం వరసకంతా వినబడేది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే ఇదంతా నోటితో చెబుతున్నాను. దీనమ్మ గురించి మంచి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లది వాళ్లు చెప్పుకుంటారు. నేను చెప్పేది గోడ ఇవతలి నుంచి, ఆ తర్వాత ఆమె పొయ్యి ముందు నుంచి చూసిన దీనమ్మ గురించి.

నా భర్త మొగిలి గనిలో బొగ్గు కోసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వానాకాలం, మొదటి షిఫ్టులో కప్పు కూలి కిందే పోయాడు. మాకు పిల్లలు లేరు. గనిలో మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఆడదానివి నువ్వేం చేస్తావు అన్నారు కులపెద్దలు. ఉద్యోగం మా మరిది కొమురయ్యకు పోయింది, దాని వెంట క్వార్టరూ పోయింది. వదినను బతికినన్నాళ్లు చూసుకుంటానని అతను అందరి ముందూ మాట ఇచ్చాడు. అబద్ధమెందుకు, చూసుకున్నాడు. వెనక పెరట్లో రేకుల కొట్టం ఇచ్చాడు. పూటపూటకూ పళ్లెంలో బువ్వ వచ్చేది. పళ్లెం కింద పెట్టేటప్పుడు తోటికోడలు ఒక నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు కలిపిన బువ్వ ఎంత నమిలినా గొంతు దిగదు. తిన్నవాళ్లకు తెలుస్తుంది.

మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు నేను వాకిట్లో కనబడకూడదని నాతో ఎవరూ అనలేదు. అననక్కర్లేదు. ఒకరోజు నల్లా దగ్గర నుంచి బిందెతో వస్తుంటే, ఎదురుగా వస్తున్న ఒకాయన సైకిల్ దిగి, వెనక్కి ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాడు. మొగుడు పోయిన ఆడది ఎదురైతే మంచిది కాదని ఎక్కడైనా అంటారు. మా వరసల్లో ఇంకొకటి కూడా ఉండేది. గనిలో పోయినవాడి పెళ్లాం చేతి తిండి మళ్లీ గనిలోకి దిగకూడదు. రొట్టె గానీ, పచ్చడి గానీ, ఆ ఆడది చేత్తో కలిపింది ఏదైనా గానీ, డ్యూటీకి పోయే మనిషి టిఫిన్ డబ్బాలో పెట్టరు. పైన తింటే ఏమీ లేదు, కింద తినకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. రోజూ మొగుణ్ణి భూమిలోకి పంపి, తిరిగి వచ్చేదాకా చెవి సైరన్ మీదే పెట్టుకుని ఉండే ఆడవాళ్లకు ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. నేను కూడా ఆ భయంతోనే బతికాను. అందుకని వాళ్లను పూర్తిగా తిట్టలేను. కానీ ఆ నియమం వచ్చి నా చేతుల మీదే పడింది.

అలా కొట్టంలో పడి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గోడ మీద నుంచి దీనమ్మ తల కనబడింది.

"ఏయ్ రాజీ, పొద్దంత పండుకొని ఏం లెక్కవెడ్తున్నవే? రేకులకు తూట్లెన్నున్నయనా? ఇటు రా. ఎలక్కాయలొచ్చినయ్, పలగ్గొట్టేతందుకు మనిషి కావాలె."

"నేను ముట్టుకోవచ్చా అక్కా?"

"ఎలక్కాయకు నీ మొగడు సచ్చిన సంగతి ఎర్కలేదు. రా."

మొగిలి పోయిన తర్వాత ఆ మాట నా ముఖాన అంత సూటిగా అన్నది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లంతా గొంతు తగ్గించేవాళ్లు, కళ్లు తిప్పుకునేవాళ్లు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు నేనే బెదిరిపోయాను. లేచి, ముఖం కడుక్కుని, గోడ చుట్టూ తిరిగి వాళ్ల పెరట్లోకి పోయాను.

దీనమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. వెలగపండుతో జామ్ చేయడం అక్కడి వంటింట్లో నేర్చింది. మాకు వెలగపండంటే పచ్చడి, లేదంటే గుజ్జులో బెల్లం కలుపుకుని నాకడం. దాని నుంచి ఎర్రటి, అద్దంలాంటి జామ్ వస్తుందని నేను ఎన్నడూ వినలేదు. మొదటిసారి ఆమె గిన్నెలో రసం, చక్కెర పోసి పొయ్యి మీద పెట్టి, ప్రార్థన కూడికకు వేళయిందని నన్ను చూడమని చెప్పి పోయింది. నాకు పుట్టింట్లో అరిసెల పాకం బాగా పడుతుందని పేరు. ఆ ధైర్యంతో గరిటె పట్టాను. మధ్యమధ్యలో చుక్క తీసి వేళ్ల నడుమ సాగదీసి చూశాను. తీగ రాలేదు. ఇంకా మరగనిచ్చాను. చివరికి చక్కని తీగ వచ్చింది. సంతోషంగా దించి సీసాల్లో పోశాను. దీనమ్మ తిరిగి వచ్చేసరికి అది సీసాలో రాయిలా బిగుసుకుంది. చెంచా గుచ్చితే చెంచా వంగింది.

"ఓరి దేవుడా! బొగ్గుకు మందు పెట్టి పేల్చేటోన్ని పిలవాలెనే దీనికి!"

నేను ఏడుపు ముఖం పెట్టాను. ఆమె వంగిన చెంచాను మోకాలి మీద పెట్టి సరిచేస్తూ చెప్పింది, "తీగె చూసుడు ఇడిసిపెట్టు. అది బెల్లానికి. ఇది పొయ్యి మీద గట్టిపడద్దు. దించినంక, ఊకున్నంక, దానంతటది గట్టిపడాలె. పొయ్యి మీదనే గట్టిగయిందంటె అది ఇంక దేనికీ పనికిరాదు."

తర్వాత ఆమె నేర్పిన తీరు నేర్పడం కాదు, కాల్చుకు తినడం. అన్నీ బాగా పండినవే వేస్తే గట్టిపడదు, కొన్ని దోరవి కలపాలి. గుజ్జును నీళ్లలో ఉడికించి పల్చని గుడ్డలో మూటగట్టి వేలాడదీయాలి. రసం దానంతటదే కారాలి, పిండకూడదు. ఆత్రం ఆగక నేను ఒకసారి పిండితే రసం మురికినీళ్లలా మసకబారింది. "నీ సబర్ అంత నీ మొగనితోనే పోయిందా?" అని గోడలు అదిరేలా అరిచింది. అన్నిటికంటే కష్టం ఎప్పుడు దించాలో తెలుసుకోవడం. మంచినీళ్ల కుండ కింద తడి ఇసుక ఉంటుంది కదా, దాని మీద స్టీలు పళ్లెం ముందే బోర్లించి పెట్టేది. మా ఎండలకు ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే. జామ్ ఉడుకు మారి, బుడగలు పెద్దవై, బరువుగా పగులుతున్నప్పుడు ఒక చుక్క ఆ పళ్లెం మీద వేసి ఆగాలి. వేలితో నెడితే చుక్క మీద ముడత పడాలి. పడకపోతే ఇంకొంచెం మరగాలి. అయితే బొగ్గు పొయ్యి గ్యాసు కాదు, తిప్పితే మంట తగ్గదు. చుక్క చూసేలోపు లోపల ముదిరిపోతుంది. అందుకని గోనెగుడ్డలు పట్టుకుని ఇద్దరం చెరోవైపు గిన్నె ఎత్తి, గాల్లో పట్టుకునే పళ్లెం వైపు చూసేవాళ్లం. చేతులు లాగేవి. ఆవిరి ముఖాన కొట్టేది. నేను దించుదామన్నట్టు చూస్తే ఆమె "ఆగు" అనేది. మళ్లీ పొయ్యి మీద పెడదామంటే "ఆగు" అనేది. సీసాల్లో పోశాక కదిపి చూడబోతే మణికట్టు మీద ఒకటి కొట్టి "ఆగు. కుదురుకునేటప్పుడు కదిలిస్తే అది జన్మల గట్టిపడదు" అనేది. నేను ఆమె దగ్గర నేర్చుకున్న విద్య అంతా కలిపితే ఆ ఒక్క మాటే.

ఆ చలికాలం ముగిసేసరికి జామ్ నా చేతికి వచ్చేసింది. దీనమ్మ నా వాటా కింద బియ్యం, నూనె, అప్పుడప్పుడు ఒక చీర ఇచ్చేది. మొదటిసారి కొట్టంలో నా రాళ్ల పొయ్యి మీద నా బియ్యం వండుకున్న రోజు తోటికోడలు పళ్లెం తెస్తే "వద్దు చెల్లె, నాది ఉడుకుతున్నది" అన్నాను. అంత గర్వంగా నేను నా పెళ్లినాడు కూడా లేను. ఆ ఒక్క మాట అనగలిగినందుకు దీనమ్మకు జీవితాంతం ఊడిగం చేసినా తప్పు లేదనుకున్నాను. ఆమెకు ఆ సంగతి తెలుసు.

తర్వాతి సంవత్సరాల్లో ఆమెకు చక్కెర బీమారి ముదిరింది. మోకాళ్లు వాచాయి, కళ్లు మసకబారాయి. జామ్ చెంచాడు కూడా నోట్లో పెట్టుకోకూడదన్నారు దవాఖానలో. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని చూసేది. పండ్లు పగలగొట్టేది నేను, వడగట్టేది నేను, గిన్నె ఒక్కదాన్నే ఎత్తడం నేర్చుకున్నదీ నేను. పులుపు తీపి సరిచూసే నాలుక కూడా నాదే అయింది. సీసా మూత మీద నీలం గళ్ల గుడ్డముక్క కట్టి ముడివేయడం ఒక్కటి మాత్రం ఆమె చేసేది. ఆ నీలం గుడ్డ చూస్తే చాలు, దీనమ్మ జామ్ అని వరసలన్నిటికీ తెలుసు. క్రిస్మస్‌కు చర్చివాళ్లు కొనేవాళ్లు, ఆఫీసర్ల బంగళాలకు పోయేది, అన్నిటికంటే ఎక్కువ గనికి పోయేది. కింద ఉక్కకు కూరలు పులిసిపోతాయి. చపాతీలో జామ్ రాసి చుట్టి పెడితే మధ్యాహ్నం దాకా పాడు కాదు.

ఎదురు వరసలో స్వరూప అని ఉండేది. ఆమె మొగుడూ బొగ్గు కోసేవాడే, మొగిలితో కలిసి చేసినవాడే. ఒకరోజు సీసా కోసం వచ్చింది. కస్టమర్లు వస్తే దీనమ్మ నన్ను లోపలికి పొమ్మనేది. ఎందుకో నేను అడిగేదాన్ని కాదు. ఆ రోజు పరదా వెనక గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"దీనక్కా, ఇంకో సీసా ఇయ్యి. నీ జామ్ పెడ్తెనే మా ఆయన డబ్బా ఖాళీ అయి వస్తున్నది, లేకుంటె చీమలకు పెట్టినట్టే."

"తీస్కపో. మీ ఆయనకు నా మీద ప్రేమ ఎక్కువున్నట్టున్నది, జర పైలం."

స్వరూప నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "అక్కా, ఒకటడుగుత, ఏమనుకోకు. రాజక్క పొద్దంత నీ ఇంట్లనే ఉంటది గద. ఆమె చెయ్యి పెడ్తలేదు గద దీంట్ల?"

దీనమ్మ నోరు నాకు తెలుసు కదా, ఎలక్కాయకు నీ మొగుడు చచ్చిన సంగతి తెలియదన్న నోరు. ఇప్పుడు అలాంటిదే ఏదో అంటుందని చూశాను.

"ఆమె గిన్నెలు తోముతది, అంతే" అంది దీనమ్మ. "పొయ్యి కాడికి రానియ్య."

గరిటె నుంచి జామ్ కారి నా పాదం మీద పడింది. మరుగుతున్న జామ్ నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. నేను కదల్లేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

స్వరూప పోయాక పరదా పక్కకు జరిపి బయటికి వచ్చాను.

"గిన్నెలు తోముతనా నేను?"

"మరేమనాలె? నువ్వు చేసినవంటె ఒక్క సీసన్న పోతదా? నీ కుండ ఎట్ల ఉడుకుతదే?"

"ఇన్నేండ్ల సంది నా చేతిది వాళ్ల మొగోళ్లు కింద తింటున్నరు. ఒక్కనికన్న దెబ్బ తగిలిందా అక్కా?"

"తగల్లే. రేపు తగుల్తే? ఎవనిదన్న ఏలు నలిగినా సరే, రాజవ్వ చెయ్యి పడ్డందుకే అంటరు. నిన్ను ఊరు దాటిస్తరు, నన్ను వాకిట్ల నిలబెట్టి అడుగుతరు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. "ఎన్నడన్న చెప్తవా, లేదా?" అన్నాను.

ఆమె నవ్వేసింది. "తెలంగాణ వచ్చిననాడు చెప్త పో."

ఆ రోజుల్లో అందరూ అదే మాట అనేవాళ్లు. ఇంటికి సున్నం వెయ్యవా అంటే తెలంగాణ వచ్చినంక వేస్తా అనేవాళ్లు. తాగుడు మానవా అంటే తెలంగాణ వచ్చినంక మానేస్తా అనేవాళ్లు. ఆమె ఎగతాళికే అని ఉంటుంది. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాత్రం ఎప్పుడు గుర్తుచేసినా అదే జవాబు, మొదట నవ్వుతూ, తర్వాత్తర్వాత విసుగ్గా. మధ్యలో రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. గనులు ఆగిపోయాయి, జీతాలు లేవు, జామ్ కొనేవాళ్లు లేరు. వరసల్లో ఆడవాళ్లమంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండాం. మొదటిసారి నేను వండిన అన్నం అందరూ తిన్నారు. గనిలోకి దిగేవాడు ఎవడూ లేడు కదా, భయం లేదు. అందరూ రాష్ట్రం కోసం కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, నినాదాలు ఇచ్చాను, గొంతు పోగొట్టుకున్నాను. లోపల మాత్రం దీనమ్మ నోటి నుంచి రావలసిన ఒక్క మాట కోసం కూర్చున్నాను.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. వరసలన్నీ గులాబీ రంగు చల్లుకుని డప్పుల మీద ఎగురుతున్నాయి. దీనమ్మ ఎండాకాలం కోసం దాచిన సీసాలన్నీ బయట పెట్టించి, రొట్టె ముక్కల మీద జామ్ రాయించింది. రాసింది నేను. పెద్ద పళ్లెం పట్టుకుని ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాను. జనం మూగారు. స్వరూప ముఖమంతా రంగుతో వచ్చి రొట్టె నోట్లో పెట్టుకుని, "దీనక్క చేతి జామ్ లేనిది పండుగేంది!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దీనమ్మ వైపు చూశాను. ఆమె కూడా నా వైపు చూసింది. ఆమె మరిచిపోలేదు. కళ్లు మసకబారినా ఆ చూపులో అది తెలిసింది. పెదవి కదిలింది.

"రాజీ, పళ్లెం అటు దిక్కు కూడ తిప్పు" అంది.

తిప్పాను. ఏం చేయను, చేతిలో పళ్లెం ఉంది. అందరూ పోయాక నేను అడగకముందే, "ఇయ్యాల కాదే, అందరు సంబురంల ఉన్నరు" అని గొణిగింది. మర్నాటి నుంచి ఆమెతో మాట మానేశాను. పని మానలేదు. ఇద్దరం ఒకే పొయ్యి ముందు మూగవాళ్లలా ఉండేవాళ్లం. చుక్క పళ్లెం మీద వేసినప్పుడు మాత్రం అలవాటు చొప్పున "ఆగు" అనేది. నేను జవాబివ్వకుండా ఆగేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో ఆమె కాలికి పుండై మానలేదు. దవాఖానలో పడుకోబెట్టారు. నేను జావ తీసుకుని పోయాను. ఆమె సగమైపోయింది. ఆ పెద్ద నోరు కూడా చిన్నదైపోయింది.

"కోపం పోలేదానే?"

"మాట ఇచ్చినవు" అన్నాను.

"నేను చెప్పేదాంక ఎందుకు ఆగినవే? నీకు నోరు లేదా?"

"ఆగుమన్నది నువ్వే గద."

"గిన్నె కాడ ఆగుమన్న. బతుకు కాడ ఆగుమన్ననా?"

చూడండి ఆమె తెలివి. చావు మంచం మీద కూడా తప్పు నా చేతిలో పెట్టింది. జావ తాగించి, మూతి తుడిచి వచ్చేశాను. దారంతా తిట్టుకున్నాను, నీ నోట్లో మన్ను పడ అని. అలా తిట్టిన కొన్నాళ్లకే నిజంగా మన్ను పడింది. ఆ తిట్టు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ మాటా వదల్లేదు. నీకు నోరు లేదా అన్నది. లేదా మరి?

ఆమె జ్ఞాపకార్థ కూడికకు క్వార్టర్ల ముందు షామియానా వేశారు. ముందురోజు నేను వెలగపండ్లు వెతికి తెచ్చి, ఎప్పుడూ చేసినట్టే, అదే పొయ్యి మీద, అదే పళ్లెం బోర్లించి జామ్ చేశాను. నీలం గుడ్డ లేదు. ఉన్నా కట్టేదాన్ని కాదు. నా ఆకుపచ్చ చీర అంచు చింపి సీసాలకు కట్టాను. ప్రార్థన అయి, టీ, రొట్టె పెట్టేటప్పుడు సీసాలు బల్ల మీద పెట్టి, స్వరూప ముందుకు రాగానే నా చేత్తోనే రొట్టెకు రాసిచ్చాను. "ఇది నేను చేసిన" అన్నాను.

ఆమె కొరికింది, నమిలింది, పక్కవాళ్ల వైపు చూసింది. "మంచిగనే ఉన్నది గని... దీనక్క చేతిది వేరే రాజక్కా. ఆ రుచి రాలే." పక్కవాళ్లు అవునవునన్నారు. ఎవరో, ఆ చెయ్యి ఇక దొరకదని కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు నోరు తెరిచాను. "స్వరూపా, ఇన్నేండ్ల సంది నువ్వు కొన్నది నా చేతిదే. దీనక్క చక్కెర బీమారితోని చెంచెడు నోట్ల పెట్టుకోలే. నీ మొగడు కింద తిన్నది నేను చేసిందే. తిని రోజు పైకొచ్చిండు గద."

ఆమె ఒక్క క్షణం మొగుడి వైపు చూసింది. ఆయన కొంచెం దూరంలో నిలబడి అదే రొట్టె తింటున్నాడు. ఆమె తన చేతిలోది బల్ల మీద పెట్టేసింది. "సచ్చిపోయినామె పేరు గుంజుకుంటున్నవా రాజక్కా? ఆమె సమాధి మన్ను ఇంక ఆరలే. ఎంతకు దిగినవ్!"

తెలిసినవాడు ఒకే ఒక్కడు ఉన్నాడు. క్లర్కు సారు ఫోటో పక్కన కుర్చీలో ఉన్నాడు. అన్ని ఏళ్లూ ఆఫీసు నుంచి భోజనానికి వచ్చినప్పుడల్లా నన్ను పొయ్యి ముందు చూసినవాడు. "సారూ, మీరు చెప్పుండ్రి" అన్నాను. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ఫోటోకు వేసిన దండ సర్దాడు. సరిగ్గానే ఉంది, అయినా సర్దాడు. "ఇప్పుడెందుకమ్మా ఆ ముచ్చట" అన్నాడు. సీసాలు మూతలు పెట్టి సంచిలో వేసుకున్నాను. ఒకటి మాత్రం ఫోటో ముందు వదిలాను. ఎందుకు వదిలానో నాకే తెలియదు.

ఆ తర్వాత ఆ కొట్టంలో ఉండలేకపోయాను. గోదావరిఖనిలో బస్సులు ఆగే చోట రోడ్డు పక్కన ఒక గది పట్టుకుని, ముందు బల్ల వేసుకుని, కాలాన్ని బట్టి వెలగపండు, మామిడి, జామపండు ఏది దొరికితే దానితో జామ్ చేసి అమ్ముకుంటున్నాను. నన్ను బతికించింది దీనమ్మే. నన్ను లేకుండా చేసింది కూడా ఆమే. రెండింటిలో ఏది ఎక్కువో తూచి చూడాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, తేలలేదు. ఆమె దగ్గర నుంచి తెచ్చుకున్నవి నా దగ్గర రెండే ఉన్నాయి. పళ్లెం మీద చుక్క వేసినప్పుడు వినబడే ఆ "ఆగు" ఒకటి. దవాఖానలో అన్న ఆ మాట రెండోది. మొదటిదాన్ని గిన్నె దగ్గర వాడుకుంటాను, రెండోదాన్ని బల్ల దగ్గర.

మొన్న చేసిన జామ్ బల్ల మీద పెట్టిన రోజే, రెండో షిఫ్టుకు పోతున్న ఒకతను భుజాన డబ్బా సంచితో ఆగాడు. వయసులో ఉన్నవాడు. సీసా తీసి ఎండకు ఎత్తి చూశాడు. ఎర్రగా మెరిసింది.

"ఏం జామ్ అవ్వా ఇది?"

"ఎలగపండుది బిడ్డా. నేనే చేసిన. నా మొగడు గనిల పోయిండు. అది ఎర్కయి తీస్కో."

అతని చెయ్యి అలాగే ఆగింది. తర్వాత సీసాను చప్పుడు కాకుండా, పగిలిపోతుందేమో అన్నంత మెల్లగా కింద పెట్టాడు. "ఇంటికి పోయేటప్పుడైతే తీస్కపోదును అవ్వా... ఇప్పుడు డ్యూటీకి పోతున్న." చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడుచుకున్న సంగతి అతనికి తెలిసి ఉండదు.

"ఏం కాదు, పో బిడ్డా. పైలం."

సీసా మీద అతని వేళ్ల గుర్తులు పడ్డాయి. కొంగుతో తుడిచి, ఎండ తగలకుండా నీడకు జరిపాను. మొదటి షిఫ్టు వాళ్లు ఇంటికి పోయే వేళయింది, ఎవరో ఒకరు ఆగుతారు. వాళ్లకు కూడా ముందు అదే చెబుతాను, తర్వాతే సీసా చేతికిస్తాను.